బావ బేసు గిటారుకి పెట్టిన దీపం

బేసు గిటారు గురించి తెలిసినవాళ్ళు ఒక మాట అంటూంటారు. అది మోగుతున్నంతసేపూ ఎవరికీ పట్టదు, ఆగిపోతే మాత్రం అందరికీ తెలిసిపోతుంది అని. వినడానికి బాగానే ఉంటుంది. నేనూ కొన్నేళ్ళు నమ్మాను, నలుగురికీ చెప్పాను కూడా. ఇప్పుడెవరైనా నా ముందు ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాది మోటార్ల వైండింగ్ షాపు. అనకాపల్లి నుంచి తుమ్మపాల వెళ్ళే రోడ్డులో, పంక్చర్లు వేసే కొట్టు పక్కన రేకుల షెడ్డు. కె. కోటపాడు వైపు రైతులు బోర్ల దగ్గర కాలిపోయిన మోటార్లని ఆటోల్లో వేసుకుని తెచ్చేవారు. చెరకు ఎండిపోతోంది, బేగి ఇచ్చెయ్ అంటూ నెత్తి మీద కూర్చునేవారు. నేను కాలిన రాగి లాగి పారేసి, కొత్త కాయిల్ చుట్టి, వార్నిష్ పోసి ఇచ్చేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఊళ్ళో ఒక్కొక్కరి చేతికీ సెల్ ఫోన్లు వస్తున్నాయి, కరెంటు మాత్రం ఎప్పట్లాగే పోతోంది. ఓల్టేజీ పడిపోబట్టే నా ఇల్లు గడిచింది కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు లేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, ఊరి బయట రాళ్ళ క్రషర్లో ఆపరేటరు. కొండరాళ్ళని రెండు ఇనప దవడల మధ్య పడేసి కంకర చేసే యంత్రం అది. దాని పక్కన మాటలు పనికిరావు, చేతులు ఊపుకోవలసిందే. వారమంతా ఆ దుమ్ములో, ఆ మోతలో ఉండి, ఆదివారం పొద్దున్నే తలంటుకుని, తెల్లచొక్కా వేసుకుని, బేసు గిటారు భుజాన తగిలించుకుని ప్రార్థన మందిరానికి వెళ్ళేవాడు. ఆ ఒక్కపూటా ఆయన నడక వేరుగా ఉండేది.

మందిరంలో ఎడమవైపు గోడవారగా చిన్న చెక్కల వేదిక. దాని మీద హార్మోనియం, డోలక్, ఒక స్పీకరు డబ్బా, డబ్బా పక్కన బావ. గుమ్మం బయట చెప్పులు విడిచి వట్టి కాళ్ళతో లోపలికి రావడం మా మందిరం పద్ధతి. బావ కుడిపాదం ఆ డబ్బాకి ఆనించి నిలబడి వాయించేవాడు. అదేదో స్టైలనుకుని కుర్రాళ్ళు ఆయన్ని అనుకరించేవారు కూడా. పెళ్ళికి ముందునుంచీ ఆయన చోటు అదే. అక్కకి సంబంధం వచ్చినప్పుడు మా నాన్న ఆయన్ని గుర్తుచెయ్యడానికి, "ఆ మూల నిలబడి గిటారు వాయిత్తాడు సూడు, ఆ గుంటడే" అన్నాడు. క్రషర్లో ఆయనలాంటి ఆపరేటర్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఆయన మాట తక్కువ మనిషి. ప్రపంచంలో ఆయనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ మూల ఒక్కటే. అది పోతే మనిషి ఏమైపోతాడో అని మా ఇంటిల్లిపాదికీ భయం. నేను చెప్పబోయేదంతా ఆ మూల గురించే.

గిటారు పాత మోడలు. పాతకాలపుది కాదు, పాతకాలపుదానిలా చేసింది. ఎప్పుడో విదేశాల్లో వచ్చిన మోడల్ని చూసి కలకత్తాలో ఎవరో తయారుచేశారు. ఒళ్ళు మధ్యలో బెల్లం పాకం రంగు, అంచులకొచ్చేసరికి నలుపు. మెడ మొదట్లో రెండు కొమ్ములు, పైకొమ్ము కొంచెం పొడుగు. సౌండుకి ఒక మర, టోనుకి ఒక మర, పికప్ మీద స్టీలు మూత. ఒక పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా విడిపోయినప్పుడు బావ దాన్ని సెకండ్‌హ్యాండులో తీసుకున్నాడు. చూడ్డానికి దర్జాగానే ఉండేది గాని, మోగితే గోనెసంచిలోంచి మాట్లాడినట్టుండేది.

మొదటిసారి నా దగ్గరికి తెచ్చింది సౌండు కోసం కాదు, రొద కోసం. మందిరంలో ట్యూబులైటు వేస్తే చాలు, గిటారు జుయ్యిమని ఒకటే రొద. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టినా ఆగేది కాదు. నేను మరలు విప్పి చూస్తే లోపల వైర్లు కొబ్బరిపీచులా ఉన్నాయి. అవన్నీ పీకేసి, తొట్టిలా తొలిచిన ఆ భాగమంతా పల్చటి రాగి రేకు పరిచి, ఆ రేకుని ఎర్తు వైరుకి కలిపి టంకం పెట్టాను. రొద పోయింది. బావ సంతోషించాడు. నాకూ గర్వమేసింది, ఎందుకంటే నేనంతవరకు నీళ్ళు తోడే వాటికే గాని పాడే వాటికి వైద్యం చెయ్యలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు.

"సౌండు సాల్లేదురా బామ్మర్దీ. లోపలెక్కడో ఉండిపోతంది. ఏటైనా సెయ్యి."

పికప్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అయస్కాంతం ముక్కల చుట్టూ తలవెంట్రుక కంటే సన్నటి రాగి వైరు వేల చుట్లు చుడతారు. పైన స్ట్రింగ్ కదిలితే ఆ వైరులో చిటికెడు కరెంటు పుడుతుంది, అదే స్పీకర్లో సౌండవుతుంది. చుట్లు పెంచితే సౌండు పెరుగుతుంది. మోటారుకీ దీనికీ తేడా అల్లా వైరు లావులోనే. ఆ ముక్క అర్థమయ్యాక నేను ఆగలేదు. పాత కాయిల్ విప్పేశాను. అంత సన్నటి వైరు నా షాపులో లేదు, విశాఖపట్నం నుంచి తెప్పించాను. చుట్టడానికి అక్క కుట్టుమిషన్ పనికొచ్చింది. బాబిన్‌కి దారం చుట్టే చక్రం ఉంటుంది కదా, దానికి పికప్ బిగించి నేను మెల్లగా చక్రం తిప్పుతుంటే, అక్క రెండు వేళ్ళ మధ్య వైరు పట్టుకుని వదిలేది. జాకెట్లు కుట్టే చెయ్యి, దారం బిగువు తెలిసిన చెయ్యి. వైరు ఒక్కసారి కూడా తెగలేదు. ఆ మధ్యాహ్నమంతా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. పని మీద ధ్యాస అనుకున్నాను.

కొత్త పికప్‌తో సౌండు బాగా పెరిగింది. రెండు వారాలు సుఖంగా గడిచాయి. మళ్ళీ "ఇంకొంచెం రావాలి" అన్నాడు. ఈసారి స్ట్రింగులు కూర్చునే బ్రిడ్జి మార్చాను. ముందున్నది వంచిన రేకుముక్క. లేతు పని చేసే స్నేహితుడి దగ్గర దిమ్మలాంటి ఇత్తడి ముక్క కోయించి, గాళ్ళు పెట్టించి, బిగించాను. కొట్టిన స్వరం చాలాసేపు నిలబడేది. చెయ్యి గిటారు మీద పెడితే అరచేతిలో పిల్లి గుర్రుపెట్టినట్టుండేది. బావ కళ్ళు మూసుకుని పైకొమ్ముకి గడ్డం ఆనించి విన్నాడు.

"ఇది బాగుంది," అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇంకొంచెం," అన్నాడు.

అప్పటికి నాకూ ఇది పిచ్చిలా పట్టుకుంది. మోటార్లు వరసకట్టి ఉంటే వాటిని పక్కన పెట్టి గిటారు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. రైతులు తిట్టేవారు. "నీకు వాయిద్యం రోగం తగిలిందిరా," అని పంక్చర్ల కొట్టువాడు వెక్కిరించేవాడు. ఏం చేసినా బావకి చాలకపోవడం నా పనితనానికి సవాలులా అనిపించేది. ఆయన ఎవరు మాట్లాడినా కళ్ళార్పకుండా వాళ్ళ మొహంలోకి చూస్తూ వినేవాడు. మా అమ్మ దాన్ని మర్యాద అనేది. నేనూ అలాగే అనుకున్నాను.

మందిరంలో మాత్రం సణుగుడు మొదలైంది. ముందువరస ముసలమ్మలు పాట రాగానే చెంగు చెవులకి అడ్డం పెట్టుకునేవారు. ఒక ఆదివారం ప్రభువు బల్ల మీద, ద్రాక్షరసం ఇచ్చే పళ్ళెంలో ఉన్న గాజుగిన్నెలు బేసు దెబ్బకి ఒకదానికొకటి తగిలి గణగణలాడాయి. పాస్టరుగారు చెయ్యి అడ్డం పెట్టి వాటిని ఆపారు. ఆయన మంచి మనిషి, ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయమేసింది. బావ తల వంచుకుని తన లోకంలో తాను వాయిస్తూనే ఉన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘం పెద్దలు కీబోర్డు తెచ్చి, వేరే స్పీకరుతో కుడివైపు గోడ దగ్గర పెట్టారు. దాని వెంట కాలేజీలో చదివే ఒక కుర్రాడు వచ్చాడు. హార్మోనియం మూలకి పోయింది. ఆ కుర్రాడు కుడిచేత్తో పాట వాయిస్తూ ఎడమచేత్తో బేసు కూడా వాయించేసేవాడు. మెత్తగా, ఎక్కడికక్కడ కొలిచినట్టు ఉండేది. తప్పుపట్టడానికి ఏమీ లేదు, అందుకే నాకు వాడంటే గిట్టేది కాదు. పెద్దల్లో ఒకాయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నాకు వినపడాలనే అన్నాడు.

"ఇంకా ఆ గిటారు ఎందుకటా? కుర్రోడు ఎడం సేత్తోనే లాగించేత్తన్నాడు కదా."

ఆ మాట బావకి ఎవరో చేరవేశారు. ఆయన మరుసటి రోజే షాపుకొచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయిన క్రషర్ బట్టల్లోనే వచ్చాడు.

"ఆ కీబోర్డు కంటే పైకి రావాలి. లేపోతే నన్ను దించేత్తారు. ఇంక నీ సేతిలో ఉంది," అన్నాడు.

ఆయన నన్ను ఏదీ అలా అడిగిన మనిషి కాదు. నేను ఈసారి పెద్ద పనే పెట్టుకున్నాను. పికప్ నుంచి వచ్చే సౌండుని గిటారులోనే పెంచి పంపే చిన్న సర్క్యూట్ బోర్డు తయారుచేశాను. దానికి తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. ద్వారబంధాలు చేసే వడ్రంగి దగ్గర గిటారు వీపున బ్యాటరీ పట్టేంత గొయ్యి తీయించాను. ఉలి దిగుతుంటే బావ మొహం తిప్పుకున్నాడు. బోర్డు బిగించి, రేడియో కోసం షాపులో పైఅరలో పెట్టుకున్న స్పీకరుకి వైరు కలిపాను.

ఆయన స్టూలెక్కి కూర్చుని, అడుగున కమ్మీ మీద చెప్పుల కాళ్ళు పెట్టుకుని, కొమ్ముకి గడ్డం ఆనించి వాయించడం మొదలెట్టాడు. రేకులు అదిరాయి. పంక్చర్ల కొట్టువాడు తొంగిచూసి చెవులు మూసుకుని పోయాడు. నేను పక్కన ఒక మోటారు విప్పుకుంటూ వింటున్నాను. కాసేపటికి సౌండు గరగరలాడింది. తగ్గింది. ఆగిపోయింది. టెస్టింగుల్లో వాడి వాడి ఉన్న బ్యాటరీ, అయిపోయినట్టుంది. కొత్తది ఇద్దామని సొరుగు లాగి తలెత్తాను.

బావ వాయిస్తూనే ఉన్నాడు. స్పీకర్లోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. కళ్ళు మూసుకుని, గడ్డం కొమ్ముకి గట్టిగా అదిమి, పాట మొత్తం వాయించాడు. చివరి స్వరం మీద వేలు అలాగే ఉంచి, అది పూర్తిగా చచ్చేదాకా ఆగి, కళ్ళు తెరిచాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు సరిగ్గా వచ్చిందిరా," అన్నాడు.

నా చేతిలో బ్యాటరీ ఉంది. నేను తలూపాను. ఏం మాట్లాడినా ఆయనకి వినపడదని అప్పుడే తెలిసింది.

సాయంత్రం బావ ఇంట్లో లేని వేళ చూసి అక్క దగ్గరికి వెళ్ళాను. జాకెట్‌కి హుక్కులు కుడుతోంది. జరిగింది చెప్పాను. ఆమె సూది ఆపలేదు.

"రెండు సెవులూ పోయేయి," అంది. "నా నోరు సూసి మాట పోల్చుకుంటన్నాడు. వైజాగ్ తీసికెళ్ళేను. నరం సచ్చిపోయింది, మందుల్లేవన్నారు."

"నాకెందుకు సెప్పలేదే?"

"ఎవులికీ సెప్పొద్దన్నాడు. తెలిత్తే క్రషర్లో తీసేత్తారు, మందిరంలో దించేత్తారని."

"మరి నాను పికప్ చుడతంటే పక్కన కూకుని వైరు ఒదిలేవు కదే. ఆ రోజైనా సెప్పకూడదా?"

అక్క అప్పుడు సూది ఆపింది.

"నీకు సెప్తే నువ్వు మానేత్తావు. నువ్వు గిటారు బాగుసేత్తన్నన్నాళ్ళూ తప్పు గిటారుదేనని ఆయనకి ఒక ఆశ. ఆ ఆశ నాను తెంచలేకపోయేన్రా."

ఆ రోజు ఇంటికి నడుస్తూ దారంతా ఏడ్చాను. ఎదురొచ్చినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలీదు.

తర్వాతి వారం నేను గిటారుకి ఒక చిన్న ఎర్ర దీపం పెట్టాను. మరల పక్కన సన్నగా బెజ్జం వేసి, బ్యాటరీ ఉన్నంతసేపు వెలిగేలా కలిపాను. బ్యాటరీ అయిపోతే దీపం ఆరుతుంది. సౌండు లేకుండా జనం ముందు వాయిస్తూ నిలబడే అవమానం ఆయనకి రాకూడదని నా తాపత్రయం. బావకి మాత్రం, "ఇప్పుడొచ్చే గిటార్లన్నిటికీ ఇలాటి లైటు ఉంటంది," అని మొహం ఎదురుగా పెట్టి చెప్పాను. ఆయన దీపాన్ని బొటనవేలితో తుడిచి, "అందంగా ఉంది," అన్నాడు.

ఎండలు ముదిరాయి. గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. ఆ రోజు మా మందిరంలో మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి మూడు గంటలు ఆరాధన జరుగుతుంది. ఏడాదంతా రానివాళ్ళు కూడా ఆ రోజు వస్తారు, వరండాలోనూ చెట్టు కిందా కూర్చుంటారు. సంఘం పెద్దలు ఒక మాట అనేసుకున్నారు. ఆ రోజు గిటారు ఉండకూడదు, మనసు పెట్టి ఏడ్చుకునే పూట గాజుగిన్నెలు మోగకూడదు అని. పాస్టరుగారు ఆ కబురు బావకి చెప్పలేక అక్కకి చెప్పారు. అక్క ఆయన్ని బతిమాలి, ఆ మర్నాడు నా షాపుకొచ్చింది. ఎప్పుడూ షాపుకి వచ్చే మనిషి కాదు. మోటార్ల మధ్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడింది.

"అయ్యగారు ఒప్పుకున్నారు. మీ బావని నిలబడనిత్తారు. గిటారు మట్టుకి మోగకూడదు," అంది.

"మోగకుండా ఎలాగే?"

"స్పీకర్లోకి పోయే వైరు లోపల తీసెయ్. దీపం మాత్రం ఎలగాలి. దీపం ఎలుగుతంటే మోగుతందనే అనుకుంటాడు. ఆయనకి ఎలాగూ ఇనపడదు కదా."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని మోగించడానికి చచ్చి, ఇప్పుడు నా చేత్తోనే నోరు నొక్కమంటావా అన్నాను. మనిషికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా అన్నాను. ఆమె అన్నీ విని, "దించేత్తే బతకడ్రా ఆయన. నువ్వే సెప్పు, ఇంకేటి సెయ్యను?" అంది. అది నాకు తెలిసుంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

సర్దుబాటు చేస్తానని గిటారు తెప్పించుకున్నాను. టంకం కడ్డీ వేడెక్కాక, బోర్డు నుంచి బయటకి పోయే వైరుని ఒక్కసారి తాకాను. ఊడి వచ్చేసింది. దాని కొసకి టేపు చుట్టి పక్కకి మడిచాను. అన్ని నెలలు చేసిన పనుల్లో అన్నిటికంటే తేలికైనది అదే.

శుక్రవారం నేను వెనకవరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. అక్క ముందువరసలో, వేదికకి ఎదురుగా కూర్చుంది. బావ వచ్చి, వైరు డబ్బాలో గుచ్చి, దీపం వెలిగిందో లేదో చూసుకుని, కుడిపాదం డబ్బాకి ఆనించి నిలబడ్డాడు. మొదటి కీర్తన ఎత్తుకున్నారు. బావ వేళ్ళు కదిలాయి. రెండో చరణం దాకా వాయించి ఒక్క క్షణం ఆగాడు. కిందకి చూశాడు. దీపం వైపు చూశాడు. కాలు తీసి మళ్ళీ డబ్బాకి ఆనించాడు. ఆయన తలెత్తి ముందువరస వైపు చూశాడు, ఆ తర్వాత వాయించడం మొదలెట్టాడు. ఇంక ఆగలేదు.

మూడు గంటలూ వాయించాడు. ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కొమ్ము అందేదాకా వంగి, గడ్డం దానికి ఆనించి, ఒక్క పాట కూడా వదలకుండా వాయించాడు. కీబోర్డు కుర్రాడి ఎడమచెయ్యి కింద మెత్తగా మోగుతూనే ఉంది. జనం పాడుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. బేసు గిటారు ఆగిపోయిందని ఆ మందిరంలో ఒక్క ప్రాణికీ తెలీలేదు. పైగా ఆరాధన అయ్యాక, చెప్పులు వెతుక్కుంటూ ఆ పెద్దాయనే వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల ఎంత బాగా వాయించేవు! ఇలాగే వాయించాలి," అన్నాడు.

బావ ఆయన పెదవులు చూసి, రెండు చేతులూ జోడించి నవ్వాడు. అక్క పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. గండం గడిచిందన్నట్టు చూసింది. ఎన్నాళ్ళకో ఆమె మొహం తేటగా ఉంది.

శనివారం పొద్దున్న షాపు తలుపులు తీస్తుంటే బావ వచ్చాడు. భుజాన గిటారు సంచి ఉంది. స్టూలు మీద కూర్చుని, సంచి విప్పి, గిటారు బోర్లా ఒళ్ళో పెట్టుకున్నాడు. వీపున బ్యాటరీ మూత మీద వేలు పెట్టాడు.

"లోపల వైరు తీసేసేవు కదా," అన్నాడు.

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెవులు పోయేయిరా. కాళ్ళు పోలేదు. ఆ డబ్బా మోగితే నాకు అరికాలికి తెలుత్తాది. సెక్కలోంచి మడమకెక్కి, మోకాలు దాకా వత్తాది. నాలుగేళ్ళనించి నాను కాలితోనే ఇంటన్నాను. రానురాను కాలికి కూడా సాల్లేదు. అందుకే ఇంకొంచెం, ఇంకొంచెం అని నిన్ను పీడించేను. నువ్వు గిటారుకి సేసిందంతా నా కాళ్ళకే సేరింది."

చెప్పులు విడిచి నిలబడే మందిరంలో ఆయన పాదం డబ్బాకి ఎందుకు ఆనించి ఉండేదో నాకు అప్పుడు తెలిసింది. షాపులో స్పీకరు పైఅరలో ఉండి, కాళ్ళకి చెప్పులుండి, సౌండు ఆగిన సంగతి ఆయనకి ఎందుకు అందలేదో కూడా తెలిసింది. అక్కా, పాస్టరుగారూ, నేనూ కలిసి మోసం చెయ్యబోయింది ఆయన చెవిని. చెవి ఎప్పుడో పోయింది. నేను తెంపిన ఆ ఒక్క వైరుతో ఆయన వినికిడిలో మిగిలింది కూడా పోయింది. స్టూలు పక్కన కూలబడి ఆయన మోకాలి మీద తల పెట్టాను. ఆయన దుమ్ముచెయ్యి నా తల మీద పడింది.

"మొదటి పాటకే తెలిసిపోయింది కదా, మరి మూడు గంటలూ ఎందుకు వాయించేవు బావా?" అన్నాను. మొహం ఎత్తి, ఆయనకి కనపడేలా మళ్ళీ అడిగాను.

"మీ అక్క ఎదురుగా కూకుంది కదరా. నన్నే సూత్తంది," అన్నాడు. "అది ఎన్ని పాట్లు పడిందో నాకు తెలీదేటి?"

నేను లేచి టంకం కడ్డీ ప్లగ్గు పెట్టాను. ఎవరు ఏమన్నా సరే, గాజుగిన్నెలు పగిలినా సరే, ఆ వైరు మళ్ళీ అతికించాలని. బావ లేచి వచ్చి ప్లగ్గు పీకేశాడు.

"ఒద్దు. మోగితే మళ్ళా మొదటికొత్తాది. అయ్యగారి కాడికీ పెద్దల కాడికీ మీ అక్క మళ్ళా ఎల్లి నిలబడాల. అలాగే ఉండనీ. నాకు తెలుసని మాత్రం దానికి తెలీకూడదు. ఒట్టెయ్."

ఒట్టేశాను. ఆయన గిటారు తిప్పి దీపం వంక చూశాడు. నిన్నంతా వెలిగి వెలిగి అది బాగా మసకబారి ఉంది.

"రేపు ఈస్టరు," అన్నాడు. "పాటలు ఎక్కువుంటాయి. కొత్త బ్యాటరీ ఎయ్యి. మజ్జిలో దీపం ఆరిపోతే మీ అక్క భయపడిపోద్ది."

సొరుగులోంచి కొత్త బ్యాటరీ తీసి వేశాను. దీపం ఎర్రగా వెలిగింది. ఆయన సంచి జిప్పు లాక్కుని, గిటారు భుజాన వేసుకుని డ్యూటీ బస్సు వైపు నడిచాడు.